కంచె లేనంత మాత్రాన

హైదరాబాదు నుంచి ఏ దిక్కుకు బయల్దేరినా దేశపు భూసరిహద్దు చేరాలంటే వెయ్యి కిలోమీటర్ల పైమాటే. అందుకే సరిహద్దు అనగానే మనకు టీవీలో చూసిందే గుర్తొస్తుంది: వాఘా దగ్గర తలపాగా కుచ్చులు, నుదుటి దాకా కాలెత్తే కవాతు, ముళ్లకంచె, ఫ్లడ్‌లైట్లు. మన దేశానికున్న సుమారు 15,106 కిలోమీటర్ల భూసరిహద్దులో అలాంటి దృశ్యం కనిపించేది కొంత మేరే. నేపాల్‌తో ఉన్న 1,751 కిలోమీటర్లలో కంచె అన్న మాటే లేదు. భూటాన్‌తో ఉన్న 699 కిలోమీటర్లలో ఎక్కువ భాగం అడవీ కొండా. మయన్మార్‌తో ఉన్న 1,643 కిలోమీటర్లకు కంచె వేస్తామని ప్రభుత్వం ప్రకటించింది 2024లోనే.

"కంచె లేదంటే అటూ ఇటూ తిరిగేయొచ్చనే కదా?" ఈ ప్రశ్న బైకుల మీద నేపాల్ వెళ్లే కుర్రాళ్లు అడుగుతారు. నేపాల్‌లోని ముక్తినాథ్ యాత్రకు డబ్బు కట్టిన పెద్దవాళ్లు అడుగుతారు. సియాటిల్‌లో ఎంఎస్ చదువుతూ వీకెండ్‌కి కెనడా అంచున ఉన్న పార్కు చూసొద్దామనుకునే పిల్లలూ అడుగుతారు. ముగ్గురికీ జవాబు వేరు. కంచె ఉందా లేదా అన్నది ఆ రెండు దేశాల మధ్య ఉన్న స్నేహాన్ని, భూగోళాన్ని, ఖజానాని బట్టి తేలుతుంది. మనం దాటొచ్చా లేదా అన్నది మన జేబులో ఏ దేశపు కాగితం ఉందో దాన్ని బట్టి తేలుతుంది. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే చిక్కంతా వచ్చిపడుతోంది.

ఇదేదో మనకు సంబంధం లేని సంగతి అనుకోనక్కర్లేదు. ఎనభై ఏళ్ల కిందటి దాకా హైదరాబాదుకూ ఇలాంటి సరిహద్దే ఉండేది. నిజాం రాజ్యం చుట్టూ బ్రిటిష్ ఇండియా. మధ్యలో కంచె లేదు, పొలాలే. అయినా అది సరిహద్దే, ఎందుకంటే సరుకు దాటితే సుంకం కట్టాలి. ఆ సుంకం వసూలు చేసే శాఖ పేరు కరోడ్‌గిరి. ఇక్కడి రూపాయి హాలీ సిక్కా, అక్కడి రూపాయి కల్దార్. ఏడు హాలీ ఇస్తే దాదాపు ఆరు కల్దార్లు వచ్చేవి. తపాలా బిళ్లలు కూడా వేరే.

విజయవాడ బస్సెక్కినవాళ్లు సూర్యాపేట దాటాక, కోదాడ రాకముందు మునగాల మీదుగా వెళ్తారు. ఆ మునగాల పరగణా అప్పట్లో బ్రిటిష్ వారి కృష్ణా జిల్లాది. నాలుగు పక్కలా నిజాం భూమి, నడుమ బ్రిటిష్ ముక్క. నల్లగొండ జిల్లాలో అది కలిసింది 1959లో. గ్రంథాలయోద్యమానికి, తెలుగు విజ్ఞాన సర్వస్వానికి పేరుపడ్డ కొమర్రాజు లక్ష్మణరావు దివానుగా పనిచేసింది ఈ సంస్థానంలోనే. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. నిజాం పోలీసు అధికారం పరగణా పొలిమేర దాకానే. అక్కడ గోడ లేదు, కానీ ఏ గట్టు దాకా ఎవరి చట్టం నడుస్తుందో ఊళ్లో పశువులు కాసే పిల్లాడికీ తెలుసు. రజాకార్ల రోజుల్లో తెలంగాణ పల్లెల నుంచి జనం ప్రాణాలరచేత పట్టుకుని సరిహద్దు అవతలి ఊళ్లకు చేరుకున్నదీ ఈ లెక్క తెలిసే.

సుంకం, నాణెం, పోలీసు. ఈ మూడూ ఎక్కడ మారితే అక్కడ సరిహద్దు ఉన్నట్టే. కంచె ఆ తర్వాతి సంగతి. ఇది మనసులో పెట్టుకుని నేపాల్ దారి పడదాం.

జంటనగరాల నుంచి బిహార్‌లోని రక్సౌల్‌కు నేరుగా రైలుంది, దాదాపు రెండు రాత్రుల ప్రయాణం. ఆ రైల్లో యాత్రికుల కంటే మన అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్లుగా, హోటళ్లలో వంటవాళ్లుగా పనిచేసే నేపాలీలూ, బిహార్ కూలీలే ఎక్కువ. ఆ నేపాలీకి ఇక్కడ ఉండడానికి వీసా అక్కర్లేదు, పనిచేసుకోవడానికి వర్క్ పర్మిట్ అక్కర్లేదు. 1950 జూలై 31న రెండు దేశాలూ సంతకం చేసిన శాంతి స్నేహ ఒప్పందంలో, ఒక దేశపు పౌరులకు రెండో దేశంలో నివాసం, ఆస్తి, వ్యాపారం, రాకపోకల విషయంలో సమాన అవకాశాలు ఇవ్వాలని రాసుకున్నారు. రాకపోకలు మాత్రం ఒప్పందం కంటే పాతవి. గీతకు అటూ ఇటూ ఉన్నది మైథిలి, భోజ్‌పురి మాట్లాడే ఒకే జనం. పెళ్లి సంబంధాలు అటూ ఇటూ. అక్కడివాళ్లు దీన్ని 'రోటీ బేటీ' బంధం అంటారు. 1815 చివర్లో ఈస్టిండియా కంపెనీకీ నేపాల్‌కూ మధ్య సంధి కుదిరిన సుగౌలీ రక్సౌల్‌కు దగ్గర్లోనే ఉంటుంది. ఆ సంధి గీత గీసింది, ఊళ్ల మధ్య నడకను ఆపలేదు.

రక్సౌల్ స్టేషన్ బయట ఈ-రిక్షావాడు "బీర్‌గంజ్, బీర్‌గంజ్" అని అరుస్తుంటాడు, మన దగ్గర "ఉప్పల్, ఉప్పల్" అన్నట్టే. జనం, లారీలు, సైకిళ్లు, తలమీద మూటలు. సిర్సియా నది మీద మైత్రీ పుల్ దాటితే అవతల బీర్‌గంజ్ శంకరాచార్య ద్వారం. భారతీయుడికి పాస్‌పోర్టు మీద ముద్ర పడదు, ముద్ర వేయమని అడిగినా వేయరు. దేశం దాటామన్న గుర్తు కావాలనుకునే వాళ్లకు ఇది కాస్త నిరాశే.

గుర్తులు వేరే చోట దొరుకుతాయి. వంతెన మీద ఫోను ఒక్కోసారి నేపాల్ టవర్ పట్టుకుంటుంది, గడియారం పావుగంట ముందుకు గెంతుతుంది. రెండడుగులు వెనక్కేస్తే మళ్లీ మన టైమ్. నేపాల్ సమయం మనకంటే 15 నిమిషాలు ముందు. షాపులో ధర అడిగితే వెంటనే ఎదురు ప్రశ్న వస్తుంది: "ఐసీనా, ఎన్‌సీనా?" ఐసీ అంటే ఇండియన్ కరెన్సీ, ఎన్‌సీ అంటే నేపాలీ కరెన్సీ. మన వంద వాళ్ల నూట అరవై. 1993 నుంచీ ఇదే రేటు. హాలీ సిక్కా, కల్దార్ కాలపు హైదరాబాదీ ఎవరైనా బతికుంటే ఈ బజార్లో లెక్కలకు తడుముకోడు.

నోట్ల దగ్గర మాత్రం జాగ్రత్త. 2018 డిసెంబరులో నేపాల్ వందకు మించిన మన నోట్లను నిషేధించింది. ఆ నిబంధన మీద సడలింపులు, సవరణలు వస్తూ ఉంటాయి కాబట్టి బయల్దేరే వారం చూసుకోవాలి. వంద నోట్ల కట్ట దగ్గరుంటే గొడవే లేదు. 2024 మార్చి నుంచి అక్కడి ఫోన్‌పే క్యూఆర్ కోడ్‌లకు మన యూపీఐ పనిచేస్తోంది. (మన ఊళ్లోని ఫోన్‌పే వేరు, నేపాల్ ఫోన్‌పే వేరు, పేరు విని కంగారుపడొద్దు.)

బజారు రద్దీ వదిలి ఊరి బయటి పొలాల్లోకి వెళ్తేనే అసలు సరిహద్దు కనిపిస్తుంది. పొలం మధ్యన తెల్లటి సిమెంటు స్తంభం. దాని పక్కనే మేకలు. స్తంభాల వరుసకు అటో పది గజాలు, ఇటో పది గజాలు ఖాళీగా వదలాలి. దాన్ని స్థానికులు 'దస్‌గజా' అంటారు. ఎవరిదీ కాని ఆ నేల చాలా చోట్ల గడ్డివాములకూ, పాకలకూ, ఒక్కోచోట ఏకంగా ఇళ్లకూ ఆలవాలమైంది. పాతకాలపు పెద్ద స్తంభాలను జంగే పిల్లర్లంటారు. వరదలకు కొట్టుకుపోయినవి, ఇటుకల కోసం జనం పీక్కుపోయినవి, పొలంలో అడ్డమని దున్నేసినవి ఎన్నో. వాటిని వెతికి నిలబెట్టడానికి రెండు దేశాలూ 2014లో ఉమ్మడి బృందాన్నే పెట్టుకోవాల్సి వచ్చింది.

నది సరిహద్దయిన చోట స్తంభం పాతడానికీ లేదు. గోదావరి లంక భూములున్న ఊళ్లవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు: ఈ ఏడు ఈ గట్టున ఉన్న చెక్క మరో వరదకు ఆ గట్టు పాలవుతుంది. గండక్ నది పడమటికి జరగడంతో ఒకప్పుడు నేపాల్ ఒడ్డున ఉన్న సుస్తా ఇప్పుడు మన ఒడ్డు వైపు చేరింది. నది ఎక్కడుంటే అదే గీతా, లేక సంధి నాటి నది ఎక్కడుందో అదా? ఆ తగువు ఇప్పటికీ తెగలేదు. ఎగువన కాళీ నది ఏ పాయతో మొదలవుతుందన్న పేచీయే కాలాపానీ, లింపియాధురా వివాదం. 2020లో నేపాల్ ఆ భాగాన్ని కలిపి కొత్త పటం అచ్చువేసింది. అక్కడికి వెళ్లే యాత్రికుడు చాయ్ కొట్టు దగ్గర ఈ పటాల చర్చ ఎత్తుకోకపోవడమే మంచిది.

ఇంతకీ కాపలా లేదా అంటే, ఉంది. ఈ సరిహద్దును 2001 నుంచి సశస్త్ర సీమా బల్ చూస్తోంది. వాళ్లు గీత వెంట వరుసగా నిలబడరు. దారుల మీద, సంత మలుపుల్లో, కొన్నిసార్లు కిలోమీటర్ల లోపల బస్సు ఆపి చూస్తారు. తెరిచి ఉన్న సరిహద్దు లక్షణమే ఇది: తనిఖీ గీత మీద తగ్గి లోపలికి జరుగుతుంది. గీత దగ్గర ఎవరూ అడగలేదు కదా అని ధీమాగా ఉన్నవాడిని లోపల ఏ జంక్షన్‌లోనో అడుగుతారు. మొహమాటానికి కాదు, నిజంగానే అడుగుతారు.

సుంకం సంగతీ అంతే. మనిషికి దారి తెరిచి ఉంది, సరుకుకు కాదు. నేపాలీలో కస్టమ్స్ అంటే భన్సార్. బైకు తీసుకెళ్తే భన్సార్ ఆఫీసులో ఎన్ని రోజులుంటారో చెప్పి, అన్ని రోజులకు డబ్బు కట్టి కాగితం తీసుకోవాలి. గడువు దాటితే జరిమానా. ఊరి బయటి పొలం దారిన నేరుగా దూసుకెళ్లిన బైకుకు ఈ కాగితం ఉండదు. పట్టుబడేది తిరిగొచ్చేటప్పుడో, లోపల ఏ పోలీసు నాకా దగ్గరో. నేపాలీలు మన వైపు సంత చేసుకుని వెళ్లేటప్పుడు నూరు నేపాలీ రూపాయలు దాటిన సరుకుకు సుంకం కట్టాలన్న నిబంధనను 2023లో గట్టిగా అమలు చేయబోతే సరిహద్దు ఊళ్లు భగ్గుమన్నాయి. నూరు నేపాలీ అంటే మన అరవై రెండున్నర. కిలో పంచదార, ఒక సబ్బు.

తెరిచిన తలుపు మూయరన్న పూచీ కూడా లేదు. 2015 సెప్టెంబరు నుంచి నెలల తరబడి ఇదే బీర్‌గంజ్ దారిలో లారీలు ఆగిపోయి నేపాల్ గ్యాసుకూ పెట్రోలుకూ అల్లాడింది. 2020 మార్చిలో కోవిడ్‌కు మూసేశారు. బిహార్, యూపీ ఎన్నికలప్పుడు పోలింగుకు ముందు రెండు మూడు రోజులు సరిహద్దు మూయడం మామూలే. టికెట్లు కొనేముందు పోలింగ్ తేదీ చూసుకోవాలని ఏ ట్రావెల్ ఏజెంటూ చెప్పడు. ఉత్తరాఖండ్‌లో ధార్చులా దగ్గర కాళీ నది మీది వేలాడే వంతెననైతే పొద్దున తెరిచి సాయంత్రం మూస్తారు. చీకటి పడ్డాక వస్తే అవతలే పడుకోవాలి.

ఇక ఈ వ్యవహారమంతటిలో హైదరాబాదు కుటుంబాలకు ఎక్కువగా తగిలే ముల్లు ఒకటుంది. అమెరికాలో పుట్టిన మనవడు సెలవులకొచ్చాడు, తాతయ్యా అమ్మమ్మలతో కలిసి ఖాట్మండు బయల్దేరాడు. తాతయ్యకు ఓటరు కార్డు చాలు. మనవడి దగ్గర ఉన్నది అమెరికా పాస్‌పోర్టు, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు. ఓసీఐ భారత్‌లోకి రావడానికి పనికొస్తుంది కానీ మనిషిని భారత పౌరుణ్ణి చేయదు. నేపాల్ దృష్టిలో ఆ పిల్లాడు మూడో దేశంవాడు. ఇటు మన ఇమిగ్రేషన్ కౌంటరులో బయటికెళ్లినట్టు ముద్ర, అటు నేపాల్ వీసా, రెండూ కావాలి. అవి దొరికేది రక్సౌల్, యూపీలోని సునౌలీ లాంటి కొన్ని చోట్లే. ఇక్కడి ప్రమాదం ఏంటంటే జనంతో పాటు నడిచిపోతే ఎవరూ ఆపరు. ఆ ఇమిగ్రేషన్ ఆఫీసు రోడ్డు పక్కన చూసీచూడనట్టు ఉంటుంది. మనంతట మనం వెతుక్కుని వెళ్లాలి. ముద్ర లేకుండా దాటితే చిక్కు బయటపడేది ఖాట్మండు విమానాశ్రయంలో, విమానం ఇంకో రెండు గంటలుందనగా. ఆధార్ గురించీ చాలామందికి భ్రమే: నేపాల్‌కు విమానంలో వెళ్లే మామూలు వయసు భారతీయుడికి పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి, ఆధార్ చెల్లేది 65 దాటినవారికీ, 15 లోపువారికే.

భూటాన్ కథ పొట్టిది. బెంగాల్‌లోని జైగావ్, అవతలి ఫుంట్‌షోలింగ్ ఒకే ఊరిలా కలిసిపోయి ఉంటాయి, నడుమ మాత్రం గేటూ గోడా ఉన్నాయి. ఒకవైపు హారన్ల మోత, గేటు దాటగానే నిశ్శబ్దం. అరగంట ముందున్న గడియారం. వీసా లేదు కానీ పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు చూపించి పర్మిట్ తీసుకోవాలి, రాత్రికి తలకు రూ. 1,200 రుసుము కట్టాలి. 2020 మార్చిలో మూసిన గేట్లు యాత్రికులకు తెరుచుకున్నది 2022 సెప్టెంబరు 23న. స్నేహంలో లోటు లేదు. ఎంతమంది రావాలన్నది తామే తేల్చుకుంటామంటారు, అంతే.

నాగాలాండ్ లోంగ్వా గురించి రీల్స్ చూడనివాళ్లుండరు. కోన్యాక్ నాగాల పెద్ద అయిన ఆంగ్ ఇంటి మధ్య నుంచే భారత్-మయన్మార్ గీత పోతుంది. "వంటిల్లు ఒక దేశం, పడకగది ఒక దేశం" అన్న వ్యాఖ్యతో వీడియోలు. ఊరు ముందు, గీత తర్వాత. 1967 ఒప్పందం ప్రకారం తర్వాత కొన్నేళ్లకు 154వ స్తంభం పాతి ఊరిని రెండు చేశారు; ఊరు మాత్రం ఒకటిగానే బతుకుతోంది. అటూ ఇటూ బంధుత్వాలున్న కొండజాతుల కోసమే 16 కిలోమీటర్ల మేర స్వేచ్ఛగా తిరిగే వెసులుబాటు ఉండేది. 2024 ఫిబ్రవరిలో దాన్ని రద్దు చేస్తామన్నారు. ఆ ఏడాది డిసెంబరుకు 10 కిలోమీటర్లకు కుదించి, సరిహద్దు పాసులతో నడుపుతామన్నారు. ఏదైనా అది ఆ ఊళ్లవాళ్ల హక్కు, మనది కాదు. హైదరాబాదు నుంచి వెళ్లినవాడికి నాగాలాండ్‌లోకి అడుగుపెట్టడానికే ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. స్తంభం దాటి పది అడుగులు వేసి సెల్ఫీ దిగి "మయన్మార్ వెళ్లొచ్చా" అనడం చట్టం ఒప్పే పని కాదు, అసోం రైఫిల్స్ జవాను చూసీచూడనట్టు వదిలేశాడంతే. అవతల 2021 నుంచి అంతర్యుద్ధం నడుస్తున్న దేశం. కంచె వస్తే తమ పొలాలు ఏమవుతాయోనని ఊరు బెంగపడుతుంటే ఆ ఇంటి గుమ్మంలో నిలబడి కాళ్లు రెండు దేశాల్లో పెట్టి నవ్వడం నాకైతే నచ్చదు.

కంచె ఉన్న చోట కూడా గీత కంచె దగ్గర ఉండదన్నది బంగ్లాదేశ్ సరిహద్దు చెప్పే పాఠం. 1975 నాటి మార్గదర్శకాల ప్రకారం జీరో లైన్‌కు, అంటే అసలు సరిహద్దు గీతకు, 150 గజాల్లోపు రక్షణ కట్టడాలు ఉండకూడదు. దాంతో కంచె మన నేల మీదే లోపలికి పడింది. కొన్ని ఊళ్లూ పొలాలూ కంచెకు అవతల, దేశానికి ఇవతల మిగిలాయి. ఆ రైతులు గేటు తెరిచే వేళకు బీఎస్ఎఫ్ జవానుకు గుర్తింపు కార్డు ఇచ్చి తమ పొలానికి తాము వెళ్తారు. 2015లో రెండు దేశాలూ ఒకరి నేల నడుమ చిక్కుకున్న మరొకరి చిట్టిముక్కలు 162 మార్చుకునేదాకా కూచ్‌బిహార్ చుట్టుపక్కల మునగాల పరగణాలు గుంపులుగా ఉండేవి. నది పాయల దగ్గర కంచె లేని చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. చూడ్డానికి వెళ్లదగ్గ చోట్లు కావవి. రాత్రి పూట కాల్పులు జరిగే సరిహద్దు అది.

మన పిల్లలు ఎక్కువగా తిరిగే రెండు కంచెలేని సరిహద్దులు విదేశాల్లో ఉన్నాయి. ఒకటి ఐర్లాండ్. బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్ నుంచి ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌కు బస్సులో వస్తుంటే బ్రిటన్ ఎక్కడ అయిపోయిందో తెలియదు. రోడ్డు అంచు గీత తెలుపు నుంచి పసుపుకు మారుతుంది, వేగం బోర్డులు మైళ్ల నుంచి కిలోమీటర్లకు మారతాయి, అంతే. 1998 శాంతి ఒప్పందం తర్వాత అక్కడి కాపలా బురుజులు కూల్చేశారు, బ్రెగ్జిట్ వచ్చినా కంచె రానివ్వలేదు. ఆ స్వేచ్ఛ బ్రిటిష్, ఐరిష్ పౌరులది. బ్రిటన్ స్టూడెంట్ వీసా మీద ఉన్న మన పిల్లాడికి ఐర్లాండ్ వీసా విడిగా కావాలి. రెండు దేశాలకూ ఒకే వీసా చెల్లే పథకం ఒకటుంది కానీ, అది ఆ ముద్ర ఉన్న విజిటర్ వీసాలకే. బస్సును ఐరిష్ పోలీసులు ఎప్పుడైనా ఆపొచ్చు.

రెండోది అమెరికా-కెనడా, 8,891 కిలోమీటర్లు. అడవిలో ఆరు మీటర్ల వెడల్పున చెట్లు నరికి గీత చూపిస్తారు, పట్టణాల్లో అదీ ఉండదు. 2018 మేలో కెనడా వైట్‌రాక్ బీచ్‌లో జాగింగ్ చేస్తున్న 19 ఏళ్ల ఫ్రెంచి అమ్మాయి పోటు నీరు తప్పించుకోబోయి అమెరికా వైపు వెళ్లింది. బోర్డు లేదు, కంచె లేదు. రెండు వారాలు నిర్బంధంలో ఉంచారు. 2022 జనవరిలో గుజరాత్ కుటుంబం ఒకటి, పిల్లలతో సహా నలుగురు, మానిటోబా మంచు మైదానంలో గీతకు కొన్ని మీటర్ల దూరంలో గడ్డకట్టి చనిపోయారు. వాళ్లను ఆపిందీ కంచె కాదు.

సరదాగా చూసిరావాలనుకుంటే సియాటిల్‌కు ఉత్తరాన బ్లెయిన్‌లో పీస్ ఆర్చ్ పార్కుంది, 1921లో కట్టిన తెల్లటి తోరణంతో. పార్కులో రెండు దేశాల గడ్డి మీదా నడిచే వీలు ఏళ్లుగా ఉంటూ వచ్చింది. కానీ వచ్చిన వైపే తిరిగి వెళ్లాలి. పార్కు దాటి అవతలి ఊళ్లోకి వెళ్లాలంటే చెక్‌పోస్టుకు పోయి వీసా చూపాల్సిందే. సరిహద్దుకు వంద మైళ్ల లోపల అమెరికా సరిహద్దు గస్తీ దళానికి (బోర్డర్ పెట్రోల్) బస్సులెక్కి కాగితాలు అడిగే అధికారం ఉంది కాబట్టి ఆ రోజు పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు నమోదు చేసిన పత్రం) రూములో వదిలిపెట్టి వెళ్లకూడదు. ఇక వీసా స్టాంపు గడువు అయిపోయినా చెల్లే ఐ-94 ఉన్న ఎఫ్-1, హెచ్-1బీ వాళ్లు కెనడాకు 30 రోజుల్లోపు వెళ్లి తిరిగి రావచ్చు. అలా వెళ్లినప్పుడు అక్కడి అమెరికా కాన్సులేట్‌లో కొత్త స్టాంపింగ్‌కు దరఖాస్తు పెట్టారంటే మాత్రం ఆ వెసులుబాటు పోతుంది, స్టాంపు చేతికొచ్చేదాకా అమెరికాకు తిరిగి రాలేరు.